ఇద్దరూ ఒప్పుకున్న కేసు

కొత్తగా నల్లకోటు తొడిగిన పిల్లలు ఎక్కడన్నా ఎదురైతే నన్ను అడిగేది ఒకటే: "సార్, మీరు గెలిచిన కేసులల్ల పెద్దది ఏది?" చెప్త. నా నోటి సంగతి తెలిసినోళ్ళు గనుక అందులో సగం కొట్టేసి, మిగతా సగం నమ్ముతరు. అది న్యాయమైన ధరే.

ఓడిన కేసు గురించి మాత్రం ఎవ్వరూ అడుగరు. నేను చాలా ఓడిన. ఎదుటి వకీలు గట్టోడై ఓడిన, సాక్షి బోనులో మాట మార్చితే ఓడిన, నా పార్టీయే నాకు అబద్ధం చెప్పి ఓడిన. అయితే అసలు ఎదుటి వకీలే లేని కేసు ఒకటుండె. మొగుడు ఒప్పుకున్నడు, పెండ్లాం ఒప్పుకున్నది, జడ్జిగారు "లోపలికి రాండ్రి, రాసేస్త" అని మనిషిని పంపిన్రు. దాన్ని సుత పోగొట్టిన ఘనత జనగామ బార్‌లో నాకొక్కనికే ఉంటది. ఆ ముచ్చట ఇది.

మాది బజార్ల కిరాణం దుకాణం. తాత, నాయిన, పెదనాయినలు అందరూ తరాజు ముందర కూసున్నోళ్ళే. నేను చదువుల పడి వకీలునైతే మా నాయిన ఏం సంబురపడలే. "ఇన్నేండ్లు సరుకు చూపించి బేరం చేసినం. వీడు సరుకు లేకుంటనే చేస్తడట," అన్నడు. బార్‌లో దోస్తులు నన్ను పేరు పెట్టి పిలిచింది తక్కువ. "సేటూ" అనేటోళ్ళు. నేనూ దాన్ని బిరుదు లెక్క మోసిన. కోర్టు హాల్ల నిలబడి వాదించుడు నాకు అంతంత మాత్రమే. వరండల నిలబడి, మొఖాలు చూసుకోని రెండు పార్టీలను ఒక మాట మీదికి తెచ్చుడు మాత్రం నాకు పుట్టుకతోటి వచ్చింది.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జోరు మీదున్న రోజులు. ఇప్పుడు మీరు జనగామ జిల్లా, మహబూబాబాద్ జిల్లా, భూపాలపల్లి జిల్లా అంటున్నరు; అప్పుడు చానా మటుకు ఒక్క వరంగల్ జిల్లానే. కొడకండ్ల దిక్కు నుంచి ఒక ఆమె తనను కన్న అవ్వను వెంటబెట్టుకోని నా ఆఫీసుకు వచ్చింది. ముప్పై ఏండ్లు లేవు. కుట్టు మిషన్ మీద జాకెట్లు కుట్టి బతుకుతున్నది. పెద్దవంగరల ఇచ్చిన్రట. ఐదేండ్లు కాపురం చేసింది. కొట్టుడు, తిట్టుడు ఏం లేదు. ఆ ఇంట్ల నడిచేది అత్త మాట ఒక్కటే. మొగుడు అమ్మ ముందర నోరు తెరవడు, భార్య ముందర అసలే తెరవడు. ఒకనాడు ఈమెకు కడుపు పోయింది. దవాఖానకు తోలుకపొమ్మంటే అత్త "రేపు చూద్దాం" అన్నదట. మొగుడు గడప మీద కూసోని కాళ్ళ దిక్కు చూసుకుంట ఉన్నడట. తెల్లారినంక వీళ్ళ అన్న పోయి ఆటోల వేసుకోని వచ్చిండు. మళ్ళ ఆ ఇంటి గడప తొక్కలేదు.

"ఇడుపు కాయితం సుత అయింది సార్," అన్నది అవ్వ. "కులపోళ్ళు కూసోని తెగదెంపులు చేసిన్రు. గింతకన్న ఇంకేం గావాలె?"

ఊర్లల్ల చాలామందికి ఇదే విడాకులు. పెద్దమనుషులు కూసుంటరు, ఎవరి సామాను వాళ్ళకు ఇప్పిస్తరు, కాయితం రాసి వేలిముద్రలు తీసుకుంటరు. తర్వాత ఎవరి తొవ్వ వాళ్ళది. మళ్ళ పెండ్లిళ్ళు కూడా అయితయి, ఎవ్వరూ అడుగరు. ఈమెకూ ఒక సంబంధం కుదిరింది. అక్కడే చిక్కు వచ్చింది. ఆయనది కాటారం, పని భూపాలపల్లి బొగ్గు బాయిల. భార్య జరంతో చనిపోయింది, చిన్న బిడ్డ ఉన్నది. వాళ్ళ ఆఫీసుల కొత్త భార్య పేరు ఎక్కించాలంటే ఆమె మొదటి పెండ్లి రద్దయినట్టు కోర్టు డిక్రీ కావాలన్నరట. ఇడుపు కాయితం చూపిస్తే అక్కడి గుమాస్త అటు తిప్పి ఇటు తిప్పి "మా దగ్గర ఇది చెల్లది" అని వాపస్ ఇచ్చిండట.

"కోర్టు కాయితం దొరికిన నెలకే లగ్గం పెట్టుకుందామన్నడు సార్," అన్నది ఆమె. సిగ్గుపడలే, ముసిముసిగా నవ్వలే. జాకెట్ కొలత చెప్పినట్టు చెప్పింది.

పెద్దవంగర పిలగాన్ని పిలిపించిన. మంచిగనే ఉన్నడు, తల వంచుకోని కూసున్నడు. ఒప్పుకుంటవా అంటే తల ఊపిండు. సామాను దగ్గర ఒక్కటే పంచాయితీ మిగిలింది. పెండ్లిల వీళ్ళు పెట్టిన బర్రె అక్కడ ఈనింది. బర్రె మాదే అని అవ్వ, మా గడ్డి తిని ఈనింది గనుక దుడ్డె మాదే అని అత్త. ఇడుపు రాసిన పెద్దమనుషులకు కూడా తెగని ముచ్చట అది. నేను ఒక పూటల తెంపిన: బర్రె కొడకండ్లకు, దుడ్డె పెద్దవంగరకు, దుడ్డె పాలు మరిచేదాక బర్రె అక్కడనే, ఆ పాలల్ల సగం ఇక్కడికి. ఈ తీర్పును బార్‌లో చానా రోజులు చెప్పుకోని మీసం తిప్పిన. ఇద్దరికీ నేనే వకీలును. చిన్న ఊర్లల్ల గట్లనే అయితది. ఒప్పుకున్న కేసుకు ఇద్దరు వకీళ్ళెందుకు అంటరు. నేనూ గదే అన్న.

దరఖాస్తు వేసినం. చట్టం మాత్రం మాకన్న గడుసుది. ఇద్దరూ ఇష్టపడి విడిపోతమన్నా నమ్మదు. "పోండ్రి, ఆరు నెలలు ఆలోచించుకోని మళ్ళ రాండ్రి" అంటది. ఆరు నెలలైనంక ఇద్దరూ వచ్చి జడ్జి ముందర నిలబడి "మా మాట గదే" అని చెప్పాలె. అప్పుడే డిక్రీ. అది చెప్పేలోపల ఇద్దరిలో ఏ ఒక్కరు వెనక్కి తగ్గినా మొత్తం ఖతం. అంటే, పిల్లలూ, ఒప్పుకోలు అనేది పచ్చి సరుకు. మా దుకాణంల ఉప్పు, చింతపండు, బెల్లం అమ్మినం గని కూరగాయలు ఎన్నడూ అమ్మలే. ఆ తేడా నాకు తెలువకపోయె.

ఆ ఆరు నెలలు నిండే సరికి సమ్మె మొదలైంది. బడులు బంద్, ఆఫీసులు బంద్, బస్సులు బంద్. మేము కోర్టు గేటు ముందర టెంటు వేసినం. లోపల జడ్జిగారు కుర్చీల కూసుంటరు, బయట మేము షత్రంజి మీద కూసుంటం. మొదటి రోజే టెంటుల ఒక చర్చ వచ్చింది. అర్జెంటు కేసులకు విడుపు ఇద్దామా అని కొందరన్నరు. జైల్ల ఉన్నోళ్ళ బెయిలు సరే, మిగతావి? అప్పుడు లేచింది నేనే.

"ఒక్కనికి తగ్గిస్తే బజారంత తగ్గించాలె," అన్న. "ఒకటే ధర అని బోర్డు పెట్టినంక సొంత బామ్మర్ది వచ్చినా గదే ధర. నీ కేసు అర్జెంటు, నా కేసు అర్జెంటు అంటే సాయంత్రానికి టెంటుల ఎవ్వడూ మిగలడు."

చప్పట్లు కొట్టిన్రు. నా జీవితంల కోర్టు హాల్లో కూడా అంత చప్పుడు వినలే. మా దుకాణానికి ఒకటే ధర బోర్డు ఏనాడూ లేదు. మా నాయిన బతికుండి ఆ మాట విని ఉంటే నవ్వి నవ్వి తరాజు మీద పడేటోడు.

ఇగ ఆ రోజు సంగతి. వీళ్ళ వాయిదా ఉన్న నాడే రోడ్డు మీద వంటావార్పు పెట్టుకున్నం. హైదరాబాద్ రోడ్డు నడుమ రాళ్ళు పెట్టి పొయ్యిలు, గుండిగలల్ల బియ్యం, పప్పు. ఊరూరి నుంచి జనం. కోర్టుల పని కాదని తెలిసినా, గైరుహాజరు పడొద్దని ఇద్దరినీ రమ్మన్న. ఆమె అవ్వతోని ఆటోల వచ్చింది, అతను మోటర్ సైకిల్ మీద వచ్చిండు. టెంటు పక్కన దూరం దూరంగ నిలబడ్డరు.

పొద్దు కొంచెం ఎక్కినంక లోపలి నుంచి కోర్టు గుమాస్త వచ్చి నా చెవుల చెప్పిండు: "సేట్ సాబ్, మీ పార్టీలు ఇద్దరూ వచ్చిన్రట గద. సార్ అడుగుతున్నరు. వకీలు అవసరం లేదు, వాళ్ళిద్దర్నే లోపలికి పంపియ్యిండ్రి. మాట చెప్పిపోతే అయిపాయె."

నిజమే. ఒప్పుకున్న కేసుల పార్టీలే స్వయంగ చెప్పుకోవచ్చు. నేను బయట కూసునుడు కూసునుడే, వాళ్ళు లోపలికి పోవుడు పోవుడే. మా బార్‌కు పెద్దాయన ఒకాయన ఉండె, నాకు గురువు లెక్క. రోడ్డు మీద ఉల్లిగడ్డలు కోసుకుంట కండ్ల నీళ్ళు తుడుచుకుంటున్నడు. పోయి అడిగిన.

"పంపియ్యరాదుర భయ్," అన్నడు. "పెండ్లి గావాల్సిన పిల్ల. ఎవడన్న అడిగితే నా పేరు చెప్పు."

ఇంతల ఎనకనుంచి ఒక కుర్ర వకీలు, మా అందరిల వేడి నెత్తురోడు, గట్టిగ అన్నడు: "ఏంది సేటూ, షట్టర్ సగం లేపుతున్నవా?"

మీకు తెలువకపోవచ్చు. బంద్ నాడు బజార్ల షట్టర్లన్నీ దించి ఉంటయి, కిందికెల్లి మాత్రం సరుకు పోతనే ఉంటది. ఆ మాట అంటే వ్యాపారులు ఉద్యమంల లేరని అన్నట్టు. మా అన్నల దుకాణం నిజంగ మూసే ఉన్నది ఆ రోజు, ఆ సంగతి ఎవనికి చెప్పాలె? చుట్టున్నోళ్ళు నవ్విన్రు. నేనూ నవ్విన. నా నవ్వే అందరికన్న గట్టిగ వినపడ్డది.

ఆమె ఇదంతా వింటనే ఉన్నది. దగ్గరికి వచ్చింది.

"సార్, మేము లోపలికి పోతే మీకు మాట అస్తదా?"

"నా సంగతి విడిచిపెట్టమ్మా. మీకు పోవాలనిపిస్తే పోండ్రి."

దుకాణాలల్ల ఒక గొంతు ఉంటది. గిరాకీ ఎక్కువసేపు బేరమాడితే, తరాజు దిక్కు చూసుకుంట, "మీ ఇష్టం, తీసుకుంటే తీసుకోండ్రి" అంటం. ఆ గొంతుతోటి అన్న. ఆమెకు అర్థమైంది. కుట్టుపని చేసేటోళ్ళు గుడ్డ లాగుడును బట్టే ఎక్కడ బిగుసుకున్నదో పట్టుకుంటరు.

"వద్దులే సార్. అందరు రోడ్డు మీదుంటే మేము లోపలికి పోవుడు మంచిగ కొట్టది. మా ఊరోళ్ళు సుత వచ్చిన్రు. సమ్మె అయినంక అస్తం. గిన్ని రోజులు ఆగలేదా?" అని అతని దిక్కు తిరిగింది. "నువ్వేమంటవ్?"

అతను బిత్తరపోయిండు. వాళ్ళింట్ల అతన్ని ఎవరన్నా "నువ్వేమంటవ్" అని అడిగిన్రో లేదో. "నాకేం తొందర లేదు," అన్నడు.

"పో బిడ్డా, గంతల అయితదంటున్నరు గద!" అని అవ్వ ఆమె చెయ్యి పట్టి గుంజింది. "సమ్మె ఎన్నడైతదో, ఎవలెట్లుంటరో. పో!" ఆ గుంపు మొత్తంల బేరం తెలిసినామె ఆ అవ్వ ఒక్కతే. మిగతా అందరం ఉద్యమకారులం.

అడగకుంట దొరికిన తగ్గింపును వాపస్ ఇచ్చే రక్తం కాదు మాది. "సరే అమ్మా, నీ మంచితనం," అన్న. గుమాస్తకు చేతులు ఊపిన. టెంటుల మళ్ళ చప్పట్లు కొట్టిన్రు, ఈసారి ఆమెకు.

తర్వాత జరిగింది ఎవ్వరం అనుకోంది. వచ్చినామె ఊకె నిలబడుతదా? కొంగు నడుముకు చెక్కుకోని గంటె అందుకున్నది. పప్పుచారు కాగుతున్నది. అతన్ని ఎవరో నీళ్ళు మొయ్యమన్నరు. బకీటు తెచ్చి ఆమె ముందరనే నిలబడ్డడు.

"ఇంక పొయ్యాల్నా?"

"పొయ్యి పొయ్యి. పప్పు కొడకండ్లది, నీళ్ళు పెద్దవంగరయి అంటరు తాగినోళ్ళు."

చుట్టూ ఉన్నోళ్ళు పగలబడి నవ్విన్రు. ఆమె కూడా నవ్వింది. గంటె చేతుల పట్టుకోని, తల ఎనక్కి వేసి, చెమట తుడుచుకోకుంట నవ్వింది. షట్టర్ మాట అన్న ఆ కుర్ర వకీలుకు వీళ్ళెవరో తెలువదు. "అక్కా, బావ మంచిగ పని చేస్తుండు, విడిచిపెట్టకు!" అన్నడు. తెలిసిన ఇద్దరు ముగ్గురం నాలిక కరుచుకున్నం. ఆమె ఆ మాటకు ఇంకా నవ్వింది. అతను మాత్రం నవ్వలే. ఖాళీ బకీటు పట్టుకోని, పొయ్యి పొగ కండ్లల్ల పోతున్నా జరగకుంట చూస్తనే నిలబడ్డడు. తర్వాత తారు రోడ్డు మీద బంతిల కూసోని ఇద్దరూ తిన్నరు, నడుమ నలుగురు మనుషులు. నాకు అన్నం మస్తు రుచి అనిపించింది. రెండుసార్లు పెట్టించుకున్న.

సమ్మె అయిపోయింది. కోర్టులు నడిచినయి. తర్వాతి వాయిదాకు ఆమె వచ్చింది. భూపాలపల్లి ఆయన కూడా సెలవు పెట్టి వచ్చి, డిక్రీ చేతికి రాంగనే చూద్దామని గేటు కాడ నిలబడ్డడు. పెద్దవంగర పిలగాడు రాలే. ఫోన్ ఎత్తలే. నేను పోయిన.

పత్తి చేన్ల ఉన్నడు. గట్టు మీద కూసున్నం. నా విద్యంతా బయటికి తీసిన.

"ఎవడన్న బెదిరించిండా?"

"లేదు సారూ."

"మీ అమ్మ వద్దన్నదా?"

"అమ్మ తెంపుకోమనే అంటది."

"మరి ఏందిర నాయినా? ఏం గావాల్నో చెప్పు. దుడ్డెతోని పాటు బర్రెను సుత ఉంచుకో. నేను వాళ్ళకు చెప్త."

నా దిక్కు చూసిండు. కోపం లేదు. జాలి లాంటిది ఉన్నది. "సారూ, గిది బర్రె ముచ్చట కాదు."

పత్తికాయ ఒకటి తెంపి గిల్లిండు.

"గా రోజు నవ్వింది సారూ. ఐదేండ్లు నా ఇంట్ల ఉన్నది. నేనెన్నడు చూడలే గా నవ్వు."

"నిన్ను చూసి నవ్వలేదుర."

"ఎవలను చూసి నవ్వితేంది?"

"ఆమె నీ ఇంటికి రాదు. దవాఖాన ముచ్చట మరిచిపోతదా?"

"మరువది. నేను మరిచిన్నా?" "రాకుంటే రాకపాయె సారూ. గని వద్దు అన్న మాట నా నోటితోని ఎట్ల చెప్పాలె? జీవితంల ఒక్కసారన్న నోరు తెరిచి నాకు గావాల్నని చెప్పొద్దా?"

తప్పు పడదామంటే ఎక్కడ పట్టుకోవాల్నో తెలువలే. నోరు లేనోడని చెప్పి కదా ఆమె ఇల్లు విడిచిపెట్టింది. ఇప్పుడు నోరు వచ్చింది, ఆమెకు అక్కర తీరినంక. తర్వాత పడ్డ వాయిదాకు వచ్చి జడ్జి ముందర నిలబడి, "నాకు విడాకులు వద్దు సార్" అన్నడు. జడ్జిగారు రెండుసార్లు అడిగిన్రు. రెండుసార్లూ గదే. దరఖాస్తు కొట్టేసిన్రు.

బయట వరండల ఆమె నన్ను నిలబెట్టింది. అతను పత్తి చేన్ల అన్నదంతా చెప్పిన, దాచలే.

"నేను నవ్విన్నా?" అన్నది. ఆమెకు యాదికి కూడా లేదు. "నవ్వితే కేసు పోతదా సార్?"

"చట్టంల గట్ల ఏం లేదమ్మా."

"మరి పోయింది గద."

ఇంక కొట్లాడే తొవ్వ ఒక్కటే. హింస పెట్టిండని, దవాఖానకు తోలుకపోలేదని ఆమె ఒక్కతే కేసు వేయాలె, సాక్ష్యం చెప్పాలె, అతని వకీలు అడిగినవాటికి నలుగురి ముందర జవాబు చెప్పాలె. అందులో కూడా నేను పనికిరాలే. ఇద్దరి వకాలత్ పట్టిన వకీలు తర్వాత ఒకరి తరఫున ఇంకొకరి మీద నిలబడరాదు. ఎవరి గుట్టు వాళ్ళు నాకు చెప్పుకున్నరు గద. రెండు దిక్కుల సంచి పట్టుకున్నోడు ఏ దిక్కూ నడవలేడు. ఫైలు తీసుకపోయి షట్టర్ మాట అన్న ఆ కుర్ర వకీలు టేబుల్ మీద పెట్టిన. మొత్తం విన్నడు. "విడిచిపెట్టకు" అని ఆనాడు అరిచింది ఎవరితోనో అప్పుడు తెలిసింది వానికి. "ఫీజు వద్దు సేటూ, నేను చూస్త," అన్నడు. చూసిండు. నాకన్న మంచి వకీలు వాడు.

భూపాలపల్లి ఆయన ఒకనాడు నా ఆఫీసుకు వచ్చిండు. నల్లటి, పొడుగాటి మనిషి. గోర్లల్ల బొగ్గు పోదు. "ఎన్ని రోజులైతది సార్?" అని అడిగిండు.

"ఒప్పుకున్నప్పుడు చెప్పగలిగిన. ఇప్పుడు చెప్పలేను."

"షిఫ్టుకు పోతే బిడ్డను పక్కింట్ల విడిచి పోతున్న సార్. ఆగుత. ఆగినంత ఆగుత."

చానానే ఆగిండు. ఏడాది దాటినంక మళ్ళ వచ్చిండు. ఈసారి కూసోలే.

"కాటారంల మా అమ్మ ఒక పిల్లను చూసింది సార్. ఒప్పుకున్న. కొడకండ్లకు పోయి చెప్పాల్నని బస్సెక్కిన, సగం తొవ్వల దిగి మీ దగ్గరికి వచ్చిన. నాకు నోరు వస్తలేదు. మీరే చెప్పుండ్రి." మెట్లు దిగబోయి ఆగిండు. "ఆమె నా బిడ్డకు రెండు గౌన్లు కుట్టిచ్చింది. పొట్టిగైనయి. అయినా బిడ్డ అయ్యే తొడుగుమంటది. గది సుత చెప్పుండ్రి."

నేను పోయిన. ఇంటి ముందర రేకుల కింద మిషన్ తొక్కుతున్నది. అవ్వ చాటల బియ్యం ఏరుతున్నది. చెప్పిన. మిషన్ ఆపలే. ఆ కుట్టు పూర్తి చేసి, దారం పంటితోని తెంపి, అప్పుడు తల ఎత్తింది.

"గౌన్లు పొట్టిగైనయా?"

"అయినయట."

"కింద మడిచి కుట్టిన సార్, పెరుగుతదని. కుట్లు ఇప్పితే జానెడు దిగుతయి. ఆమెకు తెలువదు గద. గా కొత్తామెకు చెప్పియ్యిండ్రి."

అవ్వ చాట కింద పెట్టి నా దిక్కు చూసింది. ఆనాడు చెయ్యి పట్టి గుంజిన చూపే అది. తిట్టి ఉంటే బాగుండు. చాయ్ పెట్టింది, తాగిన. నా బతుకుల నేను బేరమాడకుంట తాగిన చేదు చాయ్ అదొక్కటే.

రాష్ట్రం వచ్చిన నాడు జనగామల చౌరస్తకు పోయేందుకు సందు లేదు. రంగులు, డప్పులు. మేము బార్ నుంచి ఊరేగింపు తీసినం, నేను ముందరనే ఉన్న, ఎగిరిన సుత. నా వయసుకు ఎగరరాదని డాక్టర్ చెప్పిన మోకాళ్ళతోని ఎగిరిన. ఆ గుంపుల ఆమె కనపడ్డది. దారాలకో దేనికో బజారుకు వచ్చినట్టున్నది. పిలిచి చేతుల లడ్డు పెట్టిన. తిన్నది. నా భుజం మీది గులాబీ రంగు దులిపింది.

"మనది అచ్చింది సార్," అన్నది. "ఇగ నాది రావాలె."

అందులో ఎత్తిపొడుపు లేదు. అది ఉంటే నేను ఏదో ఒకటి అని తప్పించుకునేటోన్ని. తర్వాత చానాసార్లు నన్ను నేనే అడిగిన, ఆ రోజు లోపలికి పంపి ఉంటే ఏమయ్యేది, ఉద్యమం ఆగేదా అని. ఆగేది కాదు. ఆ ఇద్దరు గేటు దాటి పోయి వచ్చినంత మాత్రాన ఏ రాష్ట్రమూ ఆగదు. ఆ లెక్క చెయ్యనికి వకీలు కావద్దు, కిరాణం కొట్టుల పొట్లాలు కట్టేటోనికి కూడా తెలుస్తది. నాకూ తెలుసు. తెలిసీ, నలుగురు నవ్విన్రని, బతుకంత బేరమాడిన నేను ఆ ఒక్క పూట ఆడలే.

ఆ కుర్ర వకీలు చివరికి గెలిచిండు. చానా వాయిదాలు పట్టింది. పెద్దవంగర పిలగాడు సాక్ష్యం చెప్పే రోజు తన వకీలు చెప్పమన్నది చెప్పకుంట, దవాఖాన ముచ్చట నిజమే అని ఒప్పుకున్నడట. దాంతోనే డిక్రీ వచ్చింది. నకలు తీసుకున్న నాడు ఆమె ముందుగాల నా ఆఫీసుకే వచ్చింది. మెట్లెక్కి వచ్చిన ఆయాసం తగ్గేదాక నిలబడి, కాయితాలు నా టేబుల్ మీద పెట్టింది. నేను మొదటి నుంచి చివరిదాక చదివి, తెలుగుల చెప్పిన. పెండ్లి రద్దయింది, ఈ తారీఖు నుంచి నీకు అతనికి సంబంధం లేదు, మళ్ళ పెండ్లి చేసుకునే హక్కున్నది. శ్రద్ధగ విన్నది.

"మంచిది సార్. ఇప్పుడు దీన్ని ఎవలకు చూపియ్యాలె?"

"ముందు కూసో అమ్మా," అన్న. కూసోలే. బడి పిల్లల యూనిఫారాలు కుట్టేదున్నదని, కొడకండ్ల బస్సు పోతదని దిగిపోయింది. చూస్తే కాయితాలు టేబుల్ మీదనే ఉన్నయి. పట్టుకోని మెట్లు దిగి, రోడ్డు మీద అందుకున్న.

"మరిచిపోయినవమ్మా."

"మరువలే సార్," అన్నది. "మీ దగ్గర్నే ఉండనియ్యిండ్రి."